డిమ్మర్ ఇరవై మీద ఉన్నప్పుడు

"లోపం ఏమీ లేదు" అని రాసి నేను సంతకం పెట్టిన కాగితాలు వందల్లో ఉంటాయి. వాటిలో ఒకటి తప్పు. తొందరలో రాసిన తప్పయితే ఇంతకాలం గుర్తుండేది కాదేమో. మూడుసార్లు కొలిచి, మూడుసార్లూ ఒకే అంకె వచ్చాక ధీమాగా రాసిన తప్పు అది. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేసి, "అంకుల్, ఏ మీటర్ కొనుక్కోమంటారు?" అని అడుగుతుంటారు. మీటర్ పేరు చెప్పే ముందు వాళ్లకి ఈ సంగతి చెబుతాను. ఫోన్‌లో ఎప్పుడూ సగమే చెప్పడం అవుతుంది కాబట్టి మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

నేను ఇంజనీరును కాను. ఏలూరులో డిగ్రీ రెండో ఏట ఆపేసి, టీవీలు బాగుచేసే షాపులో చేరాను. కరెంటు శాస్త్రం నాకు పాఠాలుగా రాలేదు, కాలిన రెసిస్టర్ల వాసనగా వచ్చింది. చదువు లేనివాడికి అంకెలే దిక్కు. డిగ్రీ ఉన్నవాడు "నాకు తెలుసు" అంటే చెల్లుతుంది. నేను "కొలిచాను" అంటేనే చెల్లుతుంది. ఆ అలవాటుతోనే నలభై దాటాక, మా ఆవిడకి ఉద్యోగం రావడంతో, కెనడా వచ్చాను.

ఎటోబికోలో, విమానాలు నెత్తిమీదుగా దిగే చోట, ఎల్‌ఈడీ ప్యానెళ్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో టెస్ట్ బెంచ్ మీద పని దొరికింది. తయారు అనేది పెద్ద మాట. ప్యానెల్ ఒక దేశం నుంచి, డ్రైవర్ ఇంకో దేశం నుంచి వచ్చేవి. మేం రెండూ కలిపి, పరీక్షించి, స్టిక్కర్ అంటించి పంపేవాళ్లం. డ్రైవర్ అంటే టిఫిన్ డబ్బా మూతంత ఉండే రేకు పెట్టె. గోడలో వచ్చే కరెంటును దీపానికి సరిపడే కరెంటుగా మార్చేది అదే. గోడ మీద డిమ్మర్ జరిపితే వెలుతురు తగ్గించేదీ అదే.

మా మేనేజర్ హైదరాబాదీ. న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ చేసి, వీసా తిప్పలు పడలేక ఇటు వచ్చి, బావమరిదితో కలిసి ఈ కంపెనీ నడుపుతున్నాడు. నాకంటే పన్నెండేళ్లు చిన్న. నన్ను "లెక్కల మాస్టారూ" అని పిలిచేవాడు. అందులో సగం మెచ్చుకోలు, సగం వెక్కిరింత. నా జేబులో ఎప్పుడూ ఒక నోట్‌బుక్ ఉండేది. మిల్టన్‌లో మా ఇంటి నుంచి కంపెనీ షాపుకి పట్టిన నిమిషాలు కూడా అందులో రాసేవాణ్ణి.

"ఆ లెక్క ఎందుకు మాస్టారూ?" అన్నాడొకసారి.

"రేపు ఎన్నింటికి బయల్దేరాలో తెలియాలిగా."

"రోజూ ఆరుంపావుకే కదా మీరు బయల్దేరేది!"

అయినా రాయడం మానలేదు.

అవి మన పిల్లలు విమానాల నిండా దిగుతున్న సంవత్సరాలు. బస్సెక్కితే తెలుగు, కాఫీ కొట్టులో తెలుగు, బేస్‌మెంట్ అద్దెకి అన్న ప్రకటన కింద పది తెలుగు నంబర్లు. కాలేజీలకి గదులు చాలక ఎక్కడ అంతస్తు ఖాళీగా ఉంటే అక్కడ క్లాసులు పెట్టేవాళ్లు. మా షాపుకి రెండు బస్ స్టాపుల దూరంలో, పాత ఫర్నిచర్ షోరూం ఉన్న బిల్డింగ్‌లో, ఒక కాలేజీ పై అంతస్తు తీసుకుంది. మధ్యలో గోడలు కట్టి నాలుగు గదులు చేశారు. ఒక్క గదికీ కిటికీ లేదు. గదికి పన్నెండు చొప్పున నలభై ఎనిమిది ప్యానెళ్లు మావే. ప్రొజెక్టర్ మీద పాఠం చెప్పేటప్పుడు వెలుతురు తగ్గించాలి కాబట్టి అన్నీ డిమ్మర్‌వి అడిగారు.

మా ప్యాకింగ్ టేబుల్ దగ్గర పనిచేసే ఒకమ్మాయి ఆ కాలేజీలోనే చదివేది. జగిత్యాల వైపు అమ్మాయి. వారానికి నాలుగు రోజులు, ఉదయం ఏడు నుంచి పన్నెండు దాకా పని. ఐదు నాలుగులు ఇరవై. అప్పట్లో స్టడీ పర్మిట్ మీద వారానికి చెయ్యనిచ్చే గంటలు అంతే. తర్వాత బస్సెక్కి ఒంటిగంట క్లాసుకి వెళ్లేది. ఆరునెలల్లో ఆమె కట్టిన పెట్టెల్లో స్క్రూల లెక్క తప్పినది ఒక్కటీ లేదు. నేను ఒక మనిషిని ఇంతకంటే ఎక్కువ మెచ్చుకోలేను.

"అంకుల్, మీ నోట్‌బుక్‌ల నా పేరున్నదా?" అనేది.

"ఉంది. బుధవారం రెండు నిమిషాలు లేట్ అని."

"బస్సు లేటని రాయండి అంకుల్. నేను లేటని రాస్తే పాపం తగుల్తది."

ఆ శీతాకాలం కాలేజీ నుంచి ఒక ఈమెయిల్ వచ్చింది. లైట్లు తగ్గించినప్పుడు తలనొప్పి వస్తోందని కొందరు స్టూడెంట్స్ చెబుతున్నారు, వచ్చి చూడండి అని. మేనేజర్, నేను వెళ్లాం. క్లాసు మధ్య బ్రేక్ సమయం. గదిలో కొందరు పిల్లలు ఉన్నారు, చాలామంది బయట ఉన్నారు. బిల్డింగ్ చూసుకునే ఆఫీసర్ పక్కన నిలబడ్డాడు.

వెలుతురు ఎంతుందో అంకెలో చూపే మీటర్‌తో నా పద్ధతిలో కొలిచాను. వెలుతురు పూర్తిగా, సగం, పదో వంతు. మూడు చోట్లా అంకె నిలబడేదాకా ఆగి, రాసుకుని, మళ్లీ కొలిచాను. టీచర్ స్లైడ్స్ వేసేటప్పుడు డిమ్మర్‌ని ఎక్కడ పెడతారో అడిగితే, ఇరవై శాతం దగ్గర అన్నారు. అక్కడా కొలిచాను. మూడుసార్లూ ఒకే అంకె. రాయిలా నిలబడింది.

మీటర్ సర్దుకుంటూ మేనేజర్‌తో తెలుగులో అన్నాను: "లైటు చక్కగా ఉందండీ. రాత్రంతా వేర్‌హౌసుల్లో పెట్టెలు మోసి వచ్చి మధ్యాహ్నం చీకట్లో కూర్చుంటే తలనొప్పి రాక ఏమొస్తుంది? వీళ్లకి కావాల్సింది డ్రైవర్ కాదు, దిండు."

మేనేజర్ నవ్వాడు. నేనూ నవ్వాను. షాపుకి వచ్చి రిపోర్టులో "లోపం ఏమీ లేదు" అని రాసి ఊరుకోకుండా, "తలనొప్పికి దీపాలు కారణం కావు" అని ఇంకో వాక్యం కూడా చేర్చాను. నేను డాక్టర్ని కూడా కాను. ఆ వాక్యం రాసే హక్కు నాకెవరిచ్చారో ఇప్పటికీ తెలియదు.

మర్నాడు ఉదయం జగిత్యాల అమ్మాయి సరిగ్గా ఏడింటికి వచ్చింది. గుడ్ మార్నింగ్ చెప్పింది. నోట్‌బుక్ గురించి అడగలేదు. ఆ వారమంతా అడగలేదు. పరీక్షలేమో అనుకున్నాను.

నెల తర్వాత ఇంకో కస్టమర్‌కి పంపే ప్యానెళ్లు వచ్చాయి, అవే డ్రైవర్లతో. పంపే ముందు వాటిని రెండు రోజులు వెలిగించి ఉంచుతాం, పోయేవి ఏవైనా ఉంటే మా దగ్గరే పోతాయని. వాళ్లు తక్కువ వెలుతురులో వాడతామన్నారు కాబట్టి ఇరవై శాతం మీద పెట్టాను. ఆ స్టాండ్ ప్యాకింగ్ టేబుల్‌కి ఎదురుగా ఉండేది. గంట కాకముందే ఆ అమ్మాయి తన టేబుల్‌ని ఒక్కత్తే లాగి, స్టాండ్‌కి వీపు పెట్టి కూర్చుంది.

"ఏంటమ్మా, మా లైట్ల మీద అలిగావా?" అన్నాను.

"ఏం లేదంకుల్."

"టేబుల్ బరువు నలభై కిలోలు. ఏమీ లేకుండా ఎవరూ లాగరు."

ఆమె చేతిలో టేపు ఉంది. దాని అంచు గోటితో గోకింది. తర్వాత, "చెప్తే నన్ను పనిలకెల్లి తీసేస్తరా?" అంది.

నాకు నిజంగా అర్థం కాలేదు. పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"ఆ లైట్ ఎదురుంగ ఉంటే నాకు తల పగుల్తది అంకుల్. క్లాసుల గూడ గంతే. సార్ స్లైడ్స్ పెట్టంగనే మొదలైతది. ఇరవై నిమిషాలు ఆపుకుంట. తర్వాత కండ్లు తిరిగినట్టయి బయటికి పోత. పోతే ఆబ్సెంట్. ఇప్పటికి ఏడు క్లాసులు పోయినయ్. రెండు క్విజ్‌లు పోయినయ్. శుక్రవారం నాడు మీటింగ్‌కి రమ్మని లెటర్ ఇచ్చిండ్రు. ఈ కోర్సు పోతే ఫుల్ టైమ్ ఉండదు. ఫుల్ టైమ్ లేకపోతే పర్మిట్‌కు లొల్లి."

"ఇంతకాలం ఎందుకు చెప్పలేదు?"

"మీరు వచ్చి కొలిచిన్రు గదా. నేను వెనక బెంచిలనే ఉన్న. దిండు ముచ్చట గూడ ఇన్న."

నా చెవులు వేడెక్కడం నాకే తెలిసింది.

"నేను రాత్రి పని చెయ్యనని మీకు తెలుసు గదా అంకుల్," అంది. కోపంగా కాదు, స్క్రూలు ఒకటి తక్కువున్నాయని చెప్పినట్టు చెప్పింది. "మీటర్ల రానిది నా తలకాయల ఉన్నదంటే ఎవరు నమ్ముతరు?"

అది నిజం. ఉదయం ఏడింటికి నా ఎదురుగా కూర్చునే పిల్ల రాత్రి నిద్రపోతుందని నాకు తెలుసు. "వీళ్లు" అన్నప్పుడు ఆ ఒక్క మనిషి నా లెక్కలో లేదు.

"నీ ఒక్కదానికేనా, ఇంకెవరికైనా ఉందా?"

"ఉన్నది. ఫోన్ చూసుకుంట కూసునేటోళ్లకి ఏం కాదు. బోర్డు చూసి, కిందికి చూసి రాసుకునేటోళ్లకే. తల పైకీ కిందికీ తిప్పినప్పుడు అక్షరాలు గీతలు గీతలు అయితయి. ఇగో, ఇట్ల చూడండి."

చొక్కా జేబులోంచి తెల్ల పెన్ను తీసింది. స్టాండ్ వైపు తిరిగి, ఆ వెలుతురులో పెన్నుని రెండు వేళ్ల మధ్య పట్టి అటూ ఇటూ వేగంగా ఊపింది.

"ఏం కనబడ్తున్నది అంకుల్?"

కళ్లజోడు సవరించుకుని చూశాను. పెన్ను ఊపితే మామూలుగా మసగ్గా తెల్లటి తెరలా కనబడాలి. అలా లేదు. పుల్లలు పుల్లలుగా, మధ్యలో సందులతో, తాటాకు విసనకర్ర విప్పినట్టుంది.

డిమ్మర్ పూర్తిగా పెంచాను. విసనకర్ర పోయి తెర వచ్చింది. మళ్లీ ఇరవైకి తెచ్చాను. పుల్లలు వచ్చాయి.

ఏలూరు షాపులో ట్యూబ్‌లైట్ కింద సీలింగ్ ఫ్యాన్ వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తుంటే, ఎందుకలా అని అడిగి తెలుసుకున్నవాణ్ణి నేను. దీపం ఆరి వెలుగుతుంటేనే అలా కనబడుతుందని నాకు ఇరవై ఏళ్ల వయసులోనే తెలుసు. ఇక్కడ సీలింగ్ ఫ్యాన్ లేదు, అంతే.

అంకె లేకుండా నేను నమ్మను కాబట్టి, బ్యాటరీ డ్రిల్లు తెచ్చాను. నల్ల అట్టని గుండ్రంగా కోసి, దాని మీద ఒక్క తెల్లగీత గీసి, డ్రిల్లుకి బిగించాను. పూర్తి వేగం నిమిషానికి పదిహేను వందల చుట్లని డ్రిల్లు మీదే రాసి ఉంది, అంటే సెకనుకి ఇరవై ఐదు. ఆ దీపం కింద తిప్పితే, పూర్తి వేగానికి కాస్త తక్కువలో, ఒక్కగీత పది గీతలై నిలబడింది. సెకనుకి ఇరవై నాలుగు చుట్లు, చుట్టుకి పది. దీపం సెకనుకి సుమారు రెండు వందల నలభై సార్లు పూర్తిగా ఆరి, వెలుగుతోంది.

ఇక్కడ కొంచెం పని గురించి చెప్పాలి, ఓపిక పట్టండి. ఎల్‌ఈడీ వెలుతురు తగ్గించడానికి దారులు రెండు. కుళాయి సగం తిప్పి ధార సన్నం చేయడం ఒకటి. కుళాయి తెరిచి, మూసి, తెరిచి, మూసి, చకచకా చేస్తూ పోవడం రెండోది. కింద బకెట్టు పెట్టి, నిమిషంలో ఎంత నిండిందో కొలిచేవాడికి రెండూ ఒకటే. ధార కింద చెయ్యి పెట్టినవాడికి తేడా తెలుస్తుంది. నా మీటర్ బకెట్టు. ఆమె కళ్లు చెయ్యి.

మా డ్రైవర్ సగం వెలుతురు దాకా మొదటి దారిలో వెళ్లేది. అక్కడినుంచి కిందికి రెండో దారి పట్టేది. వేగంగా ఆర్పి వెలిగించే డ్రైవర్లూ ఉంటాయి, వాటితో ఇంత బాధ ఉండదు. ఇది నెమ్మదైన రకం. ఈ సంగతి డ్రైవర్ కాగితంలో రాసే ఉంది. మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో "వంద నుంచి పది శాతం దాకా తగ్గుతుంది" అని ఉంటే, నాలుగో పేజీలో పట్టిక కింద ఒక్క లైనులో ఇది ఉంది. నేను మొదటి పేజీ చదివాను. ఎంతదాకా తగ్గుతుందో చూశాను. ఎలా తగ్గుతుందో చూడలేదు.

అదే రోజు మేనేజర్‌కి పెన్ను ఊపి చూపించాను. అతను తెలివైనవాడు, రెండోసారి ఊపనక్కర్లేకుండానే అర్థమైంది. కుర్చీలో వెనక్కి వాలి, పైకప్పు కేసి చూశాడు.

"సరే మాస్టారూ. మంచి రకం డ్రైవర్లు తెప్పిద్దాం. నలభై ఎనిమిదీ మార్చేద్దాం. 'అప్‌గ్రేడ్' అని రాసి పంపుదాం. కాలేజీ హ్యాపీ, పిల్లలు హ్యాపీ, మనకి కింద అంతస్తు కూడా ఇస్తారు."

"మరి ఆ అమ్మాయి?"

"లైట్లు బాగైతే తనూ క్లాసుల కూర్చుంటది కదా."

"పోయిన ఏడు క్లాసులు? పోయిన రెండు క్విజ్‌లు? లైట్లు ముందే బాగున్నాయని నా రిపోర్టు అక్కడ ఫైల్లో ఉంది. బాగున్నవాటిని అప్‌గ్రేడ్ చేశాం అని మీరు రాస్తే, బాగున్న లైట్ల కింద ఎందుకు కూర్చోలేదో ఆమే చెప్పుకోవాలి."

"మాస్టారూ, మన కంపెనీ తప్పని మనమే కాగితం మీద రాసిస్తే రేపు ఇంకో కస్టమర్ అదే పట్టుకొస్తాడు. మీకు దండం పెడతా."

"కంపెనీ తప్పని రాయను. నా పరీక్ష తప్పని రాస్తాను. సంతకం నాదే కదా."

అతను చాలాసేపు ఫోన్ తిప్పుతూ కూర్చున్నాడు. అతని భయం తప్పని నేను అనను. ఇరవై రెండు మంది జీతాలు ఆ కుర్చీ మీద ఉన్నాయి. చివరికి అన్నాడు: "నేను పదేళ్లు వీసా మీద బతికినోణ్ణి. లెటర్ వచ్చినప్పుడు ఎట్లుంటదో నాకు తెలుసు. శుక్రవారం నేను కూడా వస్తా. మిమ్మల్ని ఒక్కరినే పంపితే అంకెలు చెప్పి చంపుతారు వాళ్లని."

శుక్రవారం మీటింగ్‌ని ఆఫీసు గదిలో కాకుండా ఆ క్లాసులోనే పెట్టమని మేనేజర్ ఫోన్ చేసి ఒప్పించాడు. క్లాసు మొదలవడానికి ముందు అరగంట ఇచ్చారు. ప్రోగ్రాం చూసుకునే కోఆర్డినేటర్ ఒకావిడ, పాఠం చెప్పే టీచర్, బిల్డింగ్ ఆఫీసర్ వచ్చారు. అమ్మాయి ముందు బెంచీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పిల్లలు ఒక్కొక్కరే లోపలికి వస్తున్నారు. వాళ్లని ఎవరూ బయటికి పొమ్మనలేదు.

కోఆర్డినేటర్ చెడ్డ మనిషి కాదు. గొంతులో కాఠిన్యం లేదు, అలసట ఉంది. "తలనొప్పి అంటే నేను అర్థం చేసుకోగలను. కానీ నాకు కాగితం కావాలి. నా దగ్గర ఉన్న కాగితం ఒక్కటే," అంటూ ఫైల్ తెరిచి చదివింది. "తలనొప్పికి దీపాలు కారణం కావు."

నా వాక్యం. ఇంకొకరి గొంతులో, ఆ అమ్మాయి ఎదురుగా. మీరెప్పుడైనా మీ రిపోర్టు ఎవరి గురించి రాశారో వాళ్ల ముందు కూర్చుని వినండి. రాసేటప్పుడు ఎంత జాగ్రత్త కావాలో తెలుస్తుంది.

లేచి నిలబడ్డాను. "అది రాసింది నేను. అది తప్పు. చూపిస్తాను," అన్నాను. నల్ల అట్ట, తెల్లగీత, డ్రిల్లు అన్నీ బల్ల మీద పెట్టాను. టీచర్‌ని అడిగి డిమ్మర్ ఇరవైకి దించాను. డ్రిల్లు మీట నొక్కాను.

ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది.

మళ్లీ నొక్కాను. ఏమీ లేదు. చుట్లు లెక్కపెట్టాను, గీతలు లెక్కపెట్టాను, అంకెలన్నీ పెట్టి రెండు పేజీల రిపోర్టు రాశాను, బ్యాటరీ ఛార్జి చేయడం మర్చిపోయాను. మేనేజర్ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. కోఆర్డినేటర్ వాచీ చూసుకుంది. నేను ఇంగ్లీషులో రెండు వందల నలభై గురించి ఏదో మొదలుపెట్టాను, ఎవరికీ అర్థం కాలేదని నాకే అర్థమైంది.

అప్పుడు ముందు బెంచీలోంచి ఆ అమ్మాయి లేచింది.

"పెన్ను సాలు అంకుల్," అంది నాతో. తర్వాత క్లాసు వైపు తిరిగి ఇంగ్లీషులో, "అందరూ ఒకసారి పెన్ను తీయండి. ఇలా ఊపండి," అంది.

మొదట నవ్వులు వచ్చాయి. ఎవరో వెనకనుంచి "మ్యాజిక్ షోనా?" అన్నారు. తర్వాత ఒక పెన్ను, రెండు పెన్నులు, ఆపైన ముప్పై పెన్నులు. ఆ మసక గదిలో, ముప్పై చేతుల్లో ముప్పై విసనకర్రలు విప్పుకున్నాయి. నవ్వులు ఆగిపోయాయి. గోడ దగ్గరికి వెళ్లి ఆమె డిమ్మర్ మెల్లగా పైకి జరిపింది. సగం దాటగానే పుల్లలన్నీ ఒక్కసారి మాయమయ్యాయి. కిందికి దించింది. మళ్లీ వచ్చాయి.

టీచర్ తన మార్కర్ పెన్ను ఊపి చూసుకున్నాడు. కోఆర్డినేటర్ అటెండెన్స్ కాగితం పక్కన పెట్టి, తన పెన్ను తీసి, ముఖానికి దగ్గరగా ఊపింది. "ఓహ్," అంది. కొంచెం ఆగి పిల్లల్ని అడిగింది: "ఈ గదిలో ఇంకెవరికైనా తలనొప్పి వస్తోందా?"

పదకొండు చేతులు లేచాయి. లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను. ఒకబ్బాయి అన్నాడు: "నాకు నిద్ర తక్కువై వస్తోందనుకున్నాను మిస్. అందరూ అదే అంటారు కదా." నేను నేల వైపు చూశాను.

సవరించిన రిపోర్టు ఇచ్చాను. మొదటి వాక్యం ఇది: "ఇంతకుముందు నేను ఇచ్చిన రిపోర్టు తప్పు, లోపం దీపంలో ఉంది, దాన్ని పట్టుకోలేని లోపం నా పరీక్షలో ఉంది." కంపెనీ తరఫున దాని కింద మేనేజర్ కూడా సంతకం పెట్టాడు. నేను అడగలేదు.

ఆ మధ్యాహ్నమే మా ఎలక్ట్రీషియన్, ఒక పోర్చుగీసు పెద్దాయన, వచ్చి డిమ్మర్ మూత తీసి, లోపలున్న చిన్న స్క్రూ తిప్పాడు. ఆ స్క్రూతో డిమ్మర్ ఇంతకంటే కిందికి దిగకుండా ఆపొచ్చు. సగం దగ్గర ఆపేశాం. సగం వెలుతురు కంటికి సగంలా ఉండదు, పదిలో ఏడు వంతులున్నట్టు ఉంటుంది. స్లైడ్స్ కాస్త పాలిపోయాయి. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. "ట్యూబ్‌లైట్ల కాలంలో లోపలి చోక్ పాడైతే గుయ్యిమని అరిచేది. ఇవి నోరు మూసుకుని చెడిపోతాయి," అన్నాడాయన స్టూలు దిగుతూ. మూడు వారాల తర్వాత కొత్త డ్రైవర్లు వచ్చాయి, చివరిదాకా ధారని సన్నం చేసే రకం. వాటికీ హద్దులున్నాయి. పది శాతం కంటే కిందికి పోవు, అక్కడ తెలుపు కాస్త పసుపు తిరుగుతుంది. ఈసారి అవన్నీ ముందే రాసిచ్చాను.

ఆ అమ్మాయి ఏడు గైర్హాజరీల పక్కనా "కారణం అంగీకరించడమైనది" అని రాశారు. రెండు క్విజ్‌లూ మళ్లీ పెట్టారు. రెండూ ఒకే రోజు రాసింది. కోర్సు పాసైంది. మార్కులు నాకు చెప్పలేదు. అడిగితే, "మీ నోట్‌బుక్‌ల రాసుకుంటరు, చెప్ప," అంది. ఆ మాటతో నాకు ఊపిరి వచ్చినట్టయింది. నోట్‌బుక్ ముచ్చట మళ్లీ మొదలైంది.

ఒకరోజు ఆమె పెట్టె కడుతుంటే వెళ్లి, "దిండు మాట అనకుండా ఉండాల్సిందమ్మా," అన్నాను. ఆమె టేపు కోసి, అంటించి, "మా అమ్మకు చెప్పిన అంకుల్ ఆ మాట. మస్తు నవ్వింది. నిజంగనే ఒక దిండు కొనుక్కో బిడ్డా అన్నది," అంది. మన్నించిందో, నన్ను ఇబ్బంది పెట్టకుండా దాటవేసిందో నేను తేల్చుకోలేదు. అది కొలిచే మీటర్ నా దగ్గర లేదు.

నాకూ ఒక ఫలితం వచ్చింది. మేనేజర్ బావమరిది రిపోర్టులన్నీ తిరగేసి, ఇకనుంచి టెస్ట్ షీట్ కింద డిగ్రీ ఉన్న ఇంజనీరు సంతకమే ఉండాలన్నాడు. కొలిచేది నేను, సంతకం వేరొకరిది. మేనేజర్ ఈ మాట చెప్పడానికి నా బెంచ్ చుట్టూ మూడుసార్లు తిరిగాడు. నేనే, "మంచిదే. ఇంకో జత కళ్లు పడతాయి," అన్నాను. బాధ కలగలేదంటే అబద్ధం. ఆ తర్వాత ఇంకో నాలుగేళ్లు పనిచేశాను. నిరుడు భుజం మొరాయించడంతో మానేశాను.

అయితే సంతకం పోయిన ఆ వారమే టెస్ట్ షీట్‌లో ఒక వరస చేర్చమన్నాను. వంద, యాభై, పది అన్న మూడు వరసల కింద నాలుగోది: "ఇరవై దగ్గర పెన్ను."

మేనేజర్ చదివి, "పెన్ను పరీక్షా? ఇది ఏ దేశం స్టాండర్డ్ మాస్టారూ?" అన్నాడు.

"జగిత్యాల స్టాండర్డ్," అన్నాను.

నవ్వి ఒప్పుకున్నాడు. ఒక్క షరతు పెట్టాడు: "ఇది మీరు చెయ్యొద్దు. మీ కళ్లకి యాభై మూడేళ్లు. కుర్ర కళ్లతో చేయించండి."

కొత్త డ్రైవర్లతో మొదటి ప్యానెల్ స్టాండ్ మీద పెట్టిన రోజు, ఆ అమ్మాయిని పిలిచాను. డిమ్మర్ ఇరవైకి దించాను. తెల్ల పెన్ను తీసి ఊపింది. ఆగి, తల పైకీ కిందికీ తిప్పి చూసింది, బోర్డు చూసి రాసుకునేటప్పుడు చేసినట్టు. మళ్లీ ఊపింది. నేను తొందరపెట్టలేదు.

"ఏం లేదంకుల్," అంది. ఈసారి ఆ మాట నిజం.

అదే పెన్నుతో నాలుగో వరసలో "లేదు" అని రాసి, పక్కన పొట్టి సంతకం చేసింది. ఆ షీట్ నకలు ఒకటి నా దగ్గరుంది. అడుగున, ఏళ్లపాటు నా సంతకం ఉన్న చోట, ఇంజనీరు కోసం వదిలిన ఖాళీ. దానికి పైన నా అంకెలు మూడు, వాటి కింద ఆమె మాట ఒకటి. నేను ఇచ్చిన షీట్లలో పూర్తిగా నిండిన మొదటిది అదే.